పాలు మంచివే, తోడు చెడింది

గూడూరు జంక్షన్‌లో మద్రాసు బండి ఆగేటప్పటికి ఫస్ట్ క్లాసు పెట్టెలో రమణయ్య బతికే ఉన్నాడు. నిమ్మకాయ సోడా కావాలని కిటికీలోంచి చెయ్యి కూడా ఊపాడు. సోడాలమ్మే మనిషి ప్లాట్‌ఫారం మీద పేర్చిన నిమ్మకాయల బస్తాలు చుట్టుకుని వచ్చేసరికి ఆ చెయ్యి కిటికీలోంచి వేలాడుతోంది. గుండెకి కాస్త పైన చిన్న రంధ్రం. చప్పుడు ఎవరూ వినలేదు, సైలెన్సర్ బిగించిన పిస్టల్ చేసిన పని అది. ఎదుటి సీటు ఖాళీ. దిగిపోయిన వాళ్ళు తమ ఖరీదైన సెంటు వాసనని మాత్రం పెట్టెలోనే వదిలేసి వెళ్ళారు.

నెల్లూరులో బండి ఎక్కేముందు రమణయ్య మద్రాసులో ఓ రహస్య నంబరుకి ట్రంకాల్ చేశాడు. చెప్పింది ఒక్క మాట. "పాలు మంచివే. తోడు చెడింది. మిగతాది వచ్చి చెప్తా."

"దీనర్థం ఏమిటి సార్?" అన్నాడు ఏజెంట్ పాల్.

"తెలిస్తే నిన్నెందుకు పిలుస్తాను?" అన్నాడు గూఢచారి శాఖ చీఫ్ పద్మనాభయ్య.

పాల్ అనేది డిపార్ట్‌మెంటు పెట్టిన పేరు. పులికాట్ ఒడ్డున మొగలిపాలెంలో, చేపలు పట్టే ఇంట్లో పుట్టినప్పుడు తల్లి పెట్టిన పేరు చిన్నపోలయ్య. సూటు మీదికి ఆ పేరు నప్పదని శాఖవాళ్ళు కత్తిరించి ఇంగ్లీషు చేశారు. ఆరడుగుల మనిషి, గురి తప్పని చెయ్యి, జేబునిండా పరికరాలు. ఈ కేసులో వాటిలో ఒక్కటీ పిస్టల్‌గానో కెమెరాగానో పనికిరాదని అతనికింకా తెలియదు.

పద్మనాభయ్య మ్యాప్ పరిచాడు. "సూళ్లూరుపేట అవతల, సరస్సుకీ సముద్రానికీ మధ్య మన రాకెట్ కేంద్రం. ఎల్లుండి ఉదయం మొదటి ప్రయోగం. రాకెట్ ఏ కోణంలో లేవాలో అక్కడి కంప్యూటర్ లెక్కకట్టి చెబుతుంది. రమణయ్య ఆ కంప్యూటర్‌కి ప్రోగ్రాం రాసినవాడు. కోబాల్ట్ అనే విదేశీ ముఠా ఆ రాకెట్‌ని మన జనం మీదే పడెయ్యాలని చూస్తోంది. ఒక్కసారి అలా జరిగిందా, 1971లో తెరిచిన కేంద్రం 1971లోనే మూతపడుతుంది."

"ప్రయోగం ఆపించండి."

"విదేశీ అతిథులు వచ్చేశారు. ఆపాలంటే ఆధారం కావాలి. నువ్వు ఏసీ మెకానిక్ వేషంలో వెళ్ళు. కోడ్ మాట చెబితే రమణయ్య స్నేహితుడు జవాబిస్తాడు. ఆయన కాక అక్కడ మన మనిషి ఇంకొకరున్నారు. పేరు అడక్కు."

మర్నాడు మధ్యాహ్నానికి పాల్ ఖాకీ చొక్కాతో, స్పానర్ల సంచీతో కంప్యూటర్ గది ముందున్నాడు. గుమ్మానికి దసరా ఆయుధపూజనాడు కట్టిన తోరణం ఇంకా అలాగే ఉంది. ఎండిన మామిడాకులు, మధ్యమధ్య కాగితపు పట్టీలు. లోపలికి అడుగు పెడుతుంటే అది అతని నుదుటికి కొట్టుకుంది. పాల్ విసుగ్గా పక్కకి తోసి, కోడ్ మాట చెప్పాడు.

"ఏసీలోంచి ఉప్పు వాసన వస్తోందట."

"ఉప్పు కాదు, చేపల వాసన," అని జవాబిచ్చాడు లోపలున్న మనిషి. ప్రధాన ప్రోగ్రామర్ హజరత్తయ్య. కొడవలూరు రైతు బిడ్డ. రమణయ్యకి ప్రాణ స్నేహితుడు. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచి ఉన్నాయి.

రమణయ్య చివరి మాట వినగానే ఆయన తలూపాడు. "సరిగ్గా చెప్పినాడు. వినండి సార్. మేం రాసేది బి.సి.పి.ఎల్ అనే భాషలో. కేంబ్రిడ్జ్‌లో పుట్టి నాలుగేళ్ళయింది. మిషన్‌కి ఆ భాష రాదు, అంకెలే తెలుసు. మా రాతని అంకెల్లోకి మార్చేది కంపైలర్. ఆ కంపైలర్ని కూడా మేం అదే భాషలో రాసుకున్నాం."

"మరి దాన్నెవరు మారుస్తారు?"

"దానికి ముందరి కంపైలర్. నిన్నటి పెరుగుతో ఇయ్యాల పాలు తోడేస్తాం చూడండి, అట్టా. మొట్టమొదటిది నేనూ రమణయ్యా చేత్తో అంకెలేసి కట్టినాం. ఏడాది పట్టింది. దానికి ఏమంత తెలివి లేదు, కూడికలూ తీసివేతలూ వచ్చు. దాంతో కొంచెం తెలివైన రెండోదాన్ని చేసినాం. రెండోదాంతో మూడోది. ప్రతిసారీ ఒక్క కొత్త సంగతి నేర్పేది, సరిచూసుకునేది, ముందుకు పొయ్యేది. ఎండాకాలంలో ప్రేమలీల గారని ఇంకో ప్రోగ్రామర్ లండన్ నించి వచ్చి, ఇది పనైతే చేస్తుంది గానీ లోపల పొందిక బాలేదు, సర్దుతానన్నది. చేసే పని మారకుండా లోపలి అమరిక మార్చడం. బ్రమ్మాండంగా సర్దింది సార్, అది ఒప్పుకోవాల."

"సర్దేటప్పుడు ఏదో కలిపింది."

"కలిపి, ఒకసారి కంపైలర్ని తయారుచేసి, కలిపిందాన్ని రాతలోంచి తుడిచేసింది. ఇప్పుడు రాతంతా శుభ్రం. పాలు మంచివే. కానీ చిల్లుల కాగితం టేపు మీదుండే కంపైలర్ చెడిపొయ్యుండాది. మంచి రాతనిచ్చినా, తన తర్వాతి దాంట్లోకి తన విషాన్ని తనే దించుకుంటుండాది. రాకెట్ ప్రోగ్రాం కనిపిస్తే కోణాన్ని కొంచెం పక్కకి తిప్పతది. మిగతా లెక్కలన్నీ తేనె పోసినట్టు కరెక్టుగా చేస్తది."

"డైరెక్టరుకి చెప్పలేదా?"

"చేత్తో లెక్కకట్టి చూపించినా. తప్పు మిషన్‌దా, నీదా అన్నాడు. ప్రేమలీల గారు నవ్వతా రాతంతా ఆయన ముందర పరిచింది. ఒక్క తప్పు లేదు. నేను తలకాయ దించుకుని వచ్చేసినా."

"పాత తోడు లేదా? ఆమె రాకముందుది?"

"చోటు చాలట్లేదని దసరా ముందర పాత కంపైలర్ టేపులన్నీ కాల్చమని చెప్పింది."

హజరత్తయ్య తన లెక్క ప్రకారం రాకెట్ ఎక్కడ పడుతుందో మ్యాప్ మీద వేలుపెట్టి చూపించాడు. మొగలిపాలెం ముందున్న సరస్సు. పాల్ ఆ వేలిని జరిపి ఆ చోటు మళ్ళీ చూశాడు. ఆ నీళ్ళలో అతని అక్క వల వేస్తుంది.

సాయంకాలం సూట్లేని చిన్నపోలయ్య అక్క ఇంటి ముందు నిలబడ్డాడు. కామమ్మ వల బాగుచేసుకుంటోంది. తలెత్తి చూసి, పీట వేసింది.

"అక్కా, రేపు పొద్దున నీళ్ళలోకి పోవద్దు. బావనీ పోనీవద్దు. ఊళ్ళో ఎవర్నీ పోనీవద్దు."

"ఎందుకురా?"

"చెప్పకూడదు."

"రేపు వలేసే వంతు మాది అబ్బయ్యా. మంచి చోటు. చోట్లకి వేసే చీటీ మా పేరున రావడానికి ఎన్నాళ్ళు కాసుకోనుండామో నీకు తెలవదా? వంతు పోగొట్టుకుంటే మళ్ళా యాడ దొరకతది? పిల్ల పెళ్ళి పెట్టుకోనుండా."

"ప్రాణం మీదికొస్తది అక్కా."

"ఎవురు చెప్పినారు? ఏం జరగతది? అది చెప్పు, ఆగిపోతా."

అతను ప్రమాణం చేసిన మనిషి. ప్రమాణం పక్కన పెట్టి చెప్పినా ఆమెకి ఏమని చెప్పాలి? కంపైలర్ చెడింది అనాలా? కామమ్మ అతని కంచంలో చేపల పులుసు పోసి, "మద్రాసు తిండి తిని నీకు భయం ఎక్కువైపొయ్యింది," అంది. అతను ఆ పులుసు తినలేక, వదల్లేక, కన్నీళ్ళు మింగుకుంటూ తిన్నాడు.

అక్కడినుంచి పాల్ పోస్టాఫీసుకి వెళ్ళి చీఫ్‌కి ఫోన్ చేసి ప్రేమలీల పేరు చెప్పాడు. అవతల పద్మనాభయ్య గొంతు చల్లగా వచ్చింది. "నేను చెప్పిన మన మనిషి ఆమే. మూడేళ్ళుగా కోబాల్ట్ ముఠా సమాచారం మనకి అందిస్తోంది. ఆమె జోలికి పోకు. ఇది ఆర్డర్."

పోస్టాఫీసు మెట్ల దగ్గర ఆమె అతని కోసమే నిలబడి ఉంది. నల్లద్దాలు, లేత నీలం షిఫాన్ చీర, భుజాన తోలు బ్యాగు. సెంటు వాసన. గూడూరు పెట్టెలో ఆగిందని పోలీసులు రాసిన వాసనే అయ్యుంటుందని పాల్ అనుకున్నాడు. కానీ వాసనని కోర్టులో ఎవరు ప్రవేశపెడతారు?

"మెకానిక్ గారూ," అంది ప్రేమలీల, "ఏసీ ఎప్పుడు బాగవుతుంది?"

"రెండు చోట్ల జీతం తీసుకునేవాళ్ళు ఏ జీతానికి పని చేస్తారు మేడమ్?"

"ఎక్కువిచ్చిన వాళ్ళకి." ఆమె దాచుకోలేదు. దాచుకోవాల్సిన అవసరం ఆమెకి కనిపించలేదు. "మీ నడుం దగ్గర పిస్టల్ ఉంది కదా. ఎవర్ని కాలుస్తారు? నన్ను కాల్చినా రేపు లెక్క మారదు. తప్పు ఏ కాగితం మీదా లేదు. వెతికేవాళ్ళందరికీ నా రాతే దొరుకుతుంది, అది ముత్యాల్లా ఉంటుంది. పడుకోండి. రేపు ఎండగా ఉంటుంది."

ఆమె వెళ్ళిపోయింది. గూఢచారి ఉద్యోగంలో చేరాక పాల్‌కి మొదటిసారి తన చేతులు దండగనిపించాయి.

ఉదయం అతిథులు తీరం దగ్గర గుడారంలో కూర్చున్నారు. ప్రేమలీల వాళ్ళకి ఇంగ్లీషులో అన్నీ వివరిస్తోంది. సరస్సు మీద తెరచాపలు బయల్దేరాయి. వాటిలో అక్కది ఏదో ఇంత దూరం నుంచి పోల్చుకోలేకపోయాడు పాల్.

అప్పుడే కంప్యూటర్ గదిలో ఏసీ నిజంగానే చచ్చిపోయింది. మెకానిక్ ఎక్కడ, మెకానిక్ ఎక్కడ అని అందరూ అతని మీద పడ్డారు. ఏసీ గుమ్మం పైన ఉంది. పాల్ స్టూలెక్కి, ఏమీ తెలియకుండా ఓ స్క్రూ తిప్పుతూ నిలబడ్డాడు. తోరణం మళ్ళీ మొహానికి తగిలింది. ఈసారి తోసెయ్యలేదు. కళ్ళకి ఎదురుగా ఉన్న కాగితపు పట్టీనిండా వరసగా చిల్లులు. చివర పెన్సిల్‌తో రాసిన ఒక్క అక్షరం. శ్రీ.

"హజరత్తయ్య గారూ, మీరు ఏదన్నా పని మొదలుపెడితే పైన శ్రీ రాస్తారా?"

"నేను రాయను. రమణయ్య రాసేవాడు. మొట్టమొదటి టేపు మీద..." హజరత్తయ్య స్టూలు దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు.

ఆపరేటర్ జయశీల బెదిరిపోయింది. "కాల్చమన్నారు సార్, మిగతావన్నీ కాల్చేసినాం. దాని మీద శ్రీ ఉండాది. శ్రీ రాసుండే కాగితం పూజకి ముందర ఎట్టా కాలుస్తాం? కళ్ళకద్దుకుని, తుంచకుండా మడతలేసి మొత్తం తోరణం కట్టేసినాం. తప్పయితే క్షమించండి."

ఆ తప్పుకి దండం పెట్టాలి. ఇన్నాళ్ళూ ఆ తోరణం కిందనుంచి రోజూ నడిచిన ప్రేమలీల ఒక్కసారీ తలెత్తి చూడలేదు. ఎత్తు తక్కువ మనిషి, పైగా పూజలంటే ఆమెకి నవ్వు.

టేపు దించారు. చిల్లుల్లో పసుపు గడ్డకట్టి ఉంది. పాల్ తన పెన్ను తీశాడు. మూత నొక్కితే మత్తుమందు సూది బయటికొచ్చే రకం. శత్రువు మెడ కోసం చేసిన ఆ సూదితో, వంగి కూర్చుని, చిల్లు తర్వాత చిల్లు శుభ్రం చేశాడు. మందంతా పసుపులో కలిసిపోయింది.

రమణయ్య మొదటి కంపైలర్ మళ్ళీ లేచింది. కానీ దానికి రాకెట్ ప్రోగ్రాం చదివే తెలివి లేదు. "మొదట్నించీ పెంచాల," అన్నాడు హజరత్తయ్య. రాత టేపులన్నీ ఉన్నాయి, అవి మంచివే. మొదటిదానికి రెండోదాని రాత తినిపించారు. రెండోది పుట్టింది. దానికి మూడోది. నెలల తరబడి వేసిన అడుగులన్నీ ఆ ఉదయం మళ్ళీ వేశారు. ఏసీ లేక మిషన్ పొయ్యిలా కాగుతుంటే జయశీల తలుపులు బార్లా తీసి, అట్టముక్కతో విసురుతూ నిలబడింది. పాల్ చెయ్యగలిగింది రెండో అట్టముక్క పట్టుకోవడం. చివరికి ప్రేమలీల సర్దిన రాత వంతు వచ్చింది. కొత్త తోడుతో అది కూడా మంచి కంపైలరే అయింది. దాంట్లోకి రాకెట్ ప్రోగ్రాం వెళ్ళింది.

మొదటి సైరన్ మోగింది. గుమ్మంలో నీడ పడింది. ప్రేమలీల. ఆమె మొదటిసారి తలెత్తి చూసింది. తోరణం లేదు.

చెయ్యి బ్యాగులోకి వెళ్ళింది. పాల్ స్టూలు విసిరాడు. అది ఆమె మణికట్టుకి తగిలి, బ్యాగు కిందపడి నోరు తెరిచింది. సైలెన్సర్ బిగించిన పిస్టల్ బయటికి దొర్లింది. సెంటు సీసా పగిలి గదంతా గూడూరు వాసన నిండింది. టేపు గురించి ఏ కోర్టులోనూ ఏదీ రుజువు కాదు. పిస్టల్ గురించి అవుతుంది.

కాపలావాళ్ళు వచ్చి ఆమెని పట్టుకున్నారు. మిషన్ అంకె అచ్చువేసింది. పాల్ ఆ చీటీ పట్టుకుని ఇసకలో పరిగెత్తాడు. డైరెక్టరు చెయ్యి మీట మీద ఉంది.

"ఇది హజరత్తయ్య లెక్కేనా?" అన్నాడాయన చిరాగ్గా.

"కాదు సార్. మిషన్ లెక్క."

డైరెక్టరు చెయ్యి ఆగింది. మనిషి చెబితే వినని ఆయన, మిషన్ చెప్పేసరికి నిటారుగా నిలబడి రెండుసార్లు చదివాడు. కోణం మార్చమన్నాడు. చివరి సైరన్ ఆగేలోపు మార్చారు. రాకెట్ తెరచాపల పక్కనుంచి ఉరిమి, సముద్రం మీదికి వెళ్ళిపోయింది.

సాయంత్రం చిన్నపోలయ్య మళ్ళీ అక్క ఇంటికి వెళ్ళాడు. కామమ్మ ఖాళీ బుట్టలు బోర్లించి కూర్చుని ఉంది. ఆమెని చూడగానే అతనికి కాళ్ళు పట్టుకుని ఏడవాలనిపించింది. పట్టుకోలేదు.

"ఆ సర్కారోళ్ళ రాకెట్టు చప్పుడికి చేపలన్నీ యాడికో పొయ్యినయి రా," అంది కామమ్మ. "వంతంతా మట్టిలో కలిసిపొయ్యింది. నువ్వూ ఆ ఆఫీసోళ్ళతోనే గదా తిరగతావు. ఒక్క మాట చెప్పి ఆపించలేకపొయ్యినావా?"

"నా చేతుల్లో ఏముంది అక్కా," అన్నాడు ఏజెంట్ పాల్.