చెల్లని ఏడు ఓట్లు

మధ్యాహ్నం రెండో పీరియడు. ఐదో తరగతి గదిలో ముప్పై మంది పిల్లలు నోళ్లకు తాళాలు వేసుకుని కూర్చున్నారు. టీచరు బల్ల మీద ఒక అట్టపెట్టె ఉంది. పెట్టె వెనక నిఘంటువు నిలబడి ఉంది.

నిఘంటువు అంటే పుస్తకం కాదు, ఆ క్లాసులో ముప్పై ఒకటో మనిషి, పదేళ్ల అమ్మాయి. రెండో తరగతిలో ఉండగానే హెడ్మాస్టరు గారి నోటీసులో రెండు అక్షర దోషాలు పట్టుకుంది. ఆ రోజు నుంచి ఆమె అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినిపించలేదు.

ఇక ఈ మధ్యాహ్నం క్లాసు లీడరు ఎన్నిక. చిన్న విషయమేమీ కాదు. క్లాసుకు ఉన్నది ఒకటే ఫుట్‌బాల్. ఎవరు ఆడాలో, ఎవరు గట్టు మీద కూర్చుని చప్పట్లు కొట్టాలో లీడరే చెప్పాలి.

పోటీలో ఇద్దరు. ఒకరు ఉడుత. కన్ను మూసి తెరిచేలోగా మైదానం ఈ చివర నుంచి ఆ చివరకు పరిగెత్తే అమ్మాయి, నిఘంటువుకు ప్రాణ స్నేహితురాలు. బాగా ఆడేవాళ్లే ఆడాలని ఆమె వాదన. రెండో అభ్యర్థి వేదాంతి. ఒకసారి గోల్ ఆపలేక, "బంతి అన్నాక లోపలికీ పోతుంది, బయటికీ వస్తుంది" అన్నాడు. ఆ మాటతో అతనికి ఆ పేరు స్థిరపడిపోయింది. అందరూ వంతులవారీగా ఆడాలని అతని మాట.

అందరూ చీటీల మీద పేరు రాసి పెట్టెలో వేశారు. ఇంతలో టీచరును ఆఫీసుకు పిలిచారు. ఓట్లు లెక్కించి బోర్డు మీద రాయమని నిఘంటువుకు చెప్పి ఆవిడ వెళ్లారు.

మొదటి రెండు చీటీలు సాఫీగా గడిచాయి. మూడో చీటీ మీద "వేధాంతి" అని ఉంది.

నిఘంటువు ఒళ్లు జలదరించింది. ద ఉండాల్సిన చోట ధ! పళ్ల కింద రాయి పడ్డట్టయింది. ఇలాంటి దాన్ని ఓటు అని ఎలా అంటారు? "తప్పులున్న ఓటు చెల్లదు" అని ప్రకటించి, చీటీని చెత్తబుట్టలో పడేసింది. తరవాత "వెదాంతి" వచ్చింది. బుట్టలోకి. "వేదాంతీ" వచ్చింది. బుట్టలోకి.

ఆ తరవాత వచ్చిన చీటీ మీద అక్షరమే లేదు. ఎవరో ఉడుత బొమ్మ వేశారు. నిఘంటువు ఒక్క క్షణం ఆలోచించింది. తోక స్పష్టంగానే ఉంది. అక్షరాలే లేనప్పుడు అక్షర దోషాలెక్కడివి? చెల్లింది. "ఉడత" అని ఉన్న చీటీ కూడా, మాటల్లో అందరూ అలాగే అంటారు కదా అని చెల్లింది.

చివరికి బోర్డు మీద లెక్క తేలింది. ఉడుతకు పదమూడు, వేదాంతికి పదకొండు, చెల్లనివి ఏడు. ఉడుత బెంచీ మీదకెక్కి గంతులు వేసింది. వేదాంతి మాత్రం, పదవి అన్నాక వస్తుంది, పోతుంది అన్నాడు.

బడి వదిలాక వెనక బెంచీ అబ్బాయి ఒకడు నిఘంటువు దగ్గరకొచ్చాడు. వాణ్ని అందరూ నత్త అంటారు. ఏది రాసినా ఒక్కో అక్షరాన్నీ శిల్పంలా చెక్కుతాడు. "వేధాంతి" అన్న ఆ చీటీ రాయడానికే వాడికి పావుగంట పట్టింది.

"నా ఓటు ఏమైంది?" అని అడిగాడు.

"ద కీ, ధ కీ తేడా తెలియకపోతే అంతే" అంది నిఘంటువు.

నత్త బ్యాగు సర్దుకుని వెళ్లిపోయాడు. వాడు కాస్త పోట్లాడి ఉంటే బాగుండేదని నిఘంటువుకు అనిపించింది. ఎందుకు అనిపించిందో మాత్రం తెలియలేదు.

నిఘంటువు వాళ్ల అమ్మమ్మకు వీధి మలుపులో ఇస్త్రీ కొట్టు ఉంది. అమ్మ పని నుంచి వచ్చేదాకా నిఘంటువు అక్కడే ఉంటుంది. ఆ సాయంత్రం స్టూలు మీద కూర్చుని, తను ఎన్నిక ఎంత పద్ధతిగా జరిపిందో పూసగుచ్చినట్టు చెప్పింది. అమ్మమ్మ చొక్కా చేతులు ఇస్త్రీ చేస్తూ వింది. ఉడుత బొమ్మ దగ్గరకొచ్చేసరికి ఇస్త్రీ పెట్టెను నిలబెట్టి మరీ నవ్వింది.

"ఏమే, బొమ్మ చెల్లిందా?"

"తోక బాగా తెలుస్తోంది అమ్మమ్మా."

"మరి ఆ తప్పు రాసినవాడు ఎవరికి వేశాడో నీకు తెలియలేదా?"

తెలిసింది. వేదాంతికే.

అమ్మమ్మ ఒక చొక్కా కాలరు తిప్పి చూపించింది. లోపల నీలం దారంతో రెండు కుట్లున్నాయి. ఇంకో చొక్కాకు పసుపు దారం. అమ్మమ్మకు చదవడం, రాయడం రావు. నీలం పళ్ల డాక్టరుగారిది, పసుపు బ్యాంకు ఆయనది. ముప్పై ఏళ్లలో ఒకరి చొక్కా ఇంకొకరి ఇంటికి పోలేదు. ఒకే ఒక్కసారి పోయింది. అది పేరు రాసి ఉన్న చొక్కాయేనట, చదివిన తాతయ్య పొరబడ్డాడట.

"నేనూ ఓటేస్తానే అమ్మడూ. గుర్తు చూసి వేస్తాను. నువ్వు లెక్కపెడితే నాది కూడా బుట్టలోకేనా?"

నిఘంటువు స్టూలు మీద అటూ ఇటూ కదిలింది. తప్పులుంటే చెల్లదని రూలుంది కదా అని గొణిగింది. ఆ రూలు ఓట్లు వేయకముందే అందరికీ చెప్పావా అని అమ్మమ్మ అడిగింది. లేదు. మూడో చీటీ చూశాక పుట్టింది.

"ఆట మధ్యలో పుట్టి, నీ స్నేహితురాలి దగ్గర కళ్లు మూసుకునేదాన్ని రూలంటారటే?" అంది అమ్మమ్మ. "పరీక్షలో నీకేం తెలుసో అడుగుతారు. ఓటులో నీకేం కావాలో అడుగుతారు. ఆ అబ్బాయి తనకేం కావాలో చెప్పాడు. నువ్వేమో మార్కులు వేసి పంపించావు."

మర్నాడు అందరికంటే ముందు నిఘంటువు బడికి చేరింది. క్లాసు చెత్తబుట్ట ఖాళీగా ఉంది. ఆయా నిన్ననే ఊడ్చి, చెత్తంతా వెనక గోడ దగ్గరి పెద్ద డబ్బాలో పోసేసింది. నిఘంటువు డబ్బా అంచు మీద పొట్ట ఆనించి తల లోపలికి దూర్చింది. అరటిపళ్ల తొక్కలు, పెన్సిల్ పొట్టు, ఎవరిదో ఒంటి మేజోడు. అయిదు చీటీలు దొరికాయి. ఒకదానికి బబుల్‌గమ్ అంటుకుని ఉంది. మిగిలిన రెండూ ఎంత వెతికినా కనిపించలేదు.

టీచరు వచ్చేసరికి డబ్బాలోంచి రెండు కాళ్లు మాత్రమే బయటికి కనిపిస్తున్నాయి.

నిఘంటువు జరిగిందంతా చెప్పింది. బొమ్మ సంగతీ, "ఉడత" సంగతీ కూడా దాచలేదు. ఎలా లెక్కించాలో చెప్పకుండా వెళ్లడం తన తప్పు కూడా అన్నారు టీచరు. రెండు చీటీలు పోయాయి కాబట్టి మళ్లీ ఓటింగు పెట్టాల్సిందే. అయితే ఎందుకు పెడుతున్నామో క్లాసుకు నిఘంటువే చెప్పాలన్నారు.

ఆమె బోర్డు ముందు నిలబడి అంతా చెప్పింది. ఉడుత అప్పటికే తన టీము జాబితా రాసుకుని వచ్చింది. ముఖం కందగడ్డలా అయింది.

"నువ్వు నా ఫ్రెండువేనా?"

"ఫ్రెండునే. అందుకే నీ బొమ్మ ఓటు చెల్లుతుందన్నాను" అంది నిఘంటువు. "అది చెల్లితే తక్కినవీ చెల్లాలి."

ఈసారి ఓట్లకంటే ముందు రూలు వచ్చింది. ఎలా రాసినా, ఏ గుర్తు వేసినా, ఎవరికో తెలిస్తే చాలు. ప్రతి చీటీనీ అందరికీ చూపించాలి. నిఘంటువు బోర్డు మీద రాసి, ఒప్పుకున్నవాళ్లు చేతులెత్తమంది. అందరూ ఎత్తారు. ఉడుత చెయ్యి అన్నిటికంటే ఆలస్యంగా లేచింది, కానీ లేచింది.

చీటీలు ఒక్కొక్కటే పెట్టెలో పడ్డాయి. ముప్పై. ఇంతలో ఆటల పీరియడు బెల్లు మోగింది. వెనక బెంచీలో నత్త ఇంకా రెండో అక్షరం దగ్గరే ఉన్నాడు.

టైమైపోయిందనీ, పెట్టె తెరవమనీ ముందు బెంచీవాళ్లు గోల పెట్టారు. మైదానంలో వేరే క్లాసువాళ్లు చోటు ఆక్రమించేస్తున్నారు. నిఘంటువుకూ కాళ్లు ఆగడం లేదు. ఆమె ఒకసారి బోర్డు వైపు చూసింది.

"టైము గురించి మనం రూలు పెట్టుకోలేదు. ఇప్పుడు కొత్తగా పెట్టకూడదు" అని పెట్టె మూత మీద చెయ్యి ఆనించి నిలబడింది.

క్లాసంతా ఎదురు చూసింది. చీపురుతో వచ్చిన ఆయా కూడా గుమ్మంలోనే ఆగిపోయింది. నత్త దీర్ఘం ఇచ్చాడు, సున్నా చుట్టాడు, నాలుక కొరుక్కుని ఆఖరి అక్షరం చెక్కాడు. చీటీని నాలుగు మడతలు పెట్టి తెచ్చి పెట్టెలో వేశాడు.

వాడి చీటీ అన్నిటికంటే పైన ఉంటుందని, తెరవగానే అది వాడిదని అందరికీ తెలిసిపోతుందని నిఘంటువుకు తట్టింది. మూత బిగించి, పెట్టెను గిలక్కాయలా గట్టిగా కుదిపింది. ఆ తరవాతే తెరిచింది.

వేదాంతికి పదిహేడు, ఉడుతకు పద్నాలుగు. ఉడుత తన జాబితాను చించేసి, మొదటి వంతు మాత్రం తనకే కావాలని వేదాంతితో బేరం మొదలుపెట్టింది.

ఈ ఫలితం తేలకముందు, లెక్కింపు మధ్యలో ఒక చీటీ వచ్చింది. ద కు బదులు ధ, తి మీద అక్కర్లేని దీర్ఘం, చివర సున్నా. ఒక్క మాటలో మూడు తప్పులు. నిఘంటువు చీటీని పైకెత్తి, అందరికీ కనిపించేలా అటూ ఇటూ తిప్పింది.

"వేదాంతి. ఒక ఓటు" అని గట్టిగా చదివింది.