పన్నెండో మెట్టు

ఒమాన్‌లో, ఇబ్రి ఊరి బయట, గుట్ట పక్కన కడుతున్న హోటల్ బురుజులో పన్నెండో మెట్టుకు మంచి పేరు లేదు. పొద్దుగూకితే చాలు, దాని మీద తెల్లగా ఏదో కూర్చుంటుందని చెప్పుకొనేవారు. చూసినవాళ్లలో ఇద్దరు జ్వరం తెచ్చుకున్నారు. ఒకడైతే చెప్పులు వదిలేసి పరుగెత్తి, మళ్లీ వాటి కోసమైనా రాలేదు!

2008 నాటి మాట ఇది. ఆ మెట్టు వేసిన మేస్త్రీ మన జగిత్యాల భీమన్న. శనివారం మెట్లు అప్పగిస్తే ఆదివారం విమానం — ఇంటి దగ్గర భార్య సునీతకు నెలలు నిండాయి. మెట్టు ఒక్కటి పగిలినా ఊరికి పోయే ఛుట్టీ లేదన్నాడు ఫోర్‌మన్ మజహర్.

బురుజు గీసింది ఒక ఫ్రెంచి ఇంజనీరు. బుధవారం చాయ్ దగ్గర ఆయన గొప్పగా ఒక కథ చెబితే, మజహర్ హిందీలోకి మార్చాడు. ఆరువందల ఏళ్లకు ముందు ఫ్రాన్సును ఐదో చార్లెస్ అనే రాజు ఏలాడట. పారిస్‌కు కొత్త గోడ పెట్టించాడు, పాత కోటను మహలు చేశాడు, పుస్తకాలకే ఒక బురుజు ఇచ్చాడు. ఆ మహల్లో ఇలాంటి మెలికల మెట్లే కట్టిస్తుంటే రాయి చాల్లేదు. శ్మశానంలోని పాత సమాధి రాళ్లు కొనుక్కొచ్చి మెట్లుగా పరిచారట!

అందరూ నవ్వారు. భీమన్న నవ్వలేదు. క్వారీ లారీ రాని రోజున, గుట్ట మీద వరసగా నిలబడి ఉన్న మూడు పలకరాళ్లు పీక్కొచ్చి పన్నెండో మెట్టు వేసింది తనే. వాటి మీద పేరు లేదు, అక్షరం లేదు... ఉత్త రాళ్లనుకున్నాడు.

సాయంత్రం, ఏళ్లుగా ఇబ్రిలోనే ఉంటున్న కడప ఖాదర్‌వలి కొట్టుకు పోయి మెల్లగా కదిపాడు.

"భాయ్, ఈడ సమాధులెట్లుంటయి?"

"పేరూ ఊరూ ఏముండదప్పా. నిలబెట్టిన రాళ్లే. రెండుంటే మొగోడిది, మూడుంటే ఆడమనిషిది."

భీమన్న వేళ్ల మీద లెక్కేసుకున్నాడు — తను పీకింది మూడు.

ఆ రాత్రి మెట్లకు నీళ్లు పట్టే డ్యూటీ కూడా తనదే. మిగిలినవాళ్లంతా రామన్నారు.

పైపు పట్టుకొని ఎక్కాడు. ఎనిమిది... తొమ్మిది... టార్చి పైకెత్తాడు. పది — పైన గుడ్డ రాసుకున్న చప్పుడు.

పన్నెండో మెట్టు మీద... తెల్లగా... కూర్చొని ఉంది!

"తల్లీ... తెల్వక జేసిన... నా బిడ్డ జోలికి రాకు..."

ఆకారం ముఖమెత్తింది. నెరిసిన గడ్డం. తడిసిన కళ్లు. పక్కన చేతికర్ర. బతికున్న మనిషే — ఒమానీ ముసలాయన.

అరిచెయ్యి రాతి మీదే ఉంచి, వచ్చీరాని హిందీలో గుసగుసగా అన్నాడు.

"నా భార్య. గుట్టంతా వెతికాను... ఇక్కడ దొరికింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే కట్టినవాడి పని పోతుంది."

దెయ్యమైతే భీమన్న పారిపోయేవాడే. ఈ మనిషి ముందు నుంచి ఎటు పోతాడు? సిగ్గుతో తల వాలిపోయింది. సునీత గుర్తొచ్చింది. ఆదివారం విమానం గుర్తొచ్చింది.

పైపు వదిలేసి కిందికి దిగాడు. గడ్డపారతో మళ్లీ ఎక్కాడు.

"జర హటో, బాబా," అంటూ పక్కకు జరగమని చెయ్యి చూపాడు.

ఛుట్టీ పోతుందని తెలిసే, మెట్టు సందులో గడ్డపార బలంగా దించాడు.