ముప్పై లెక్కపెట్టండి

రేవు పట్నం కీలుంగ్‌లో వాన పడని రోజు గురించి వారం పాటు చెప్పుకుంటారు. ఆ రోజు అలాంటిది కాదు. మధ్యాహ్నం మూడింటికే నాలుగో అంతస్తులోని ఆ ఇంట్లో లైటు వేసుకోవాల్సి వచ్చింది. గోడలనిండా చెమ్మ. ఆరని బట్టల వాసన.

పొద్దుటినుంచీ నెట్ లేదు. నాలుగింటికి ష్యూయిన్ కూతురు పిన్‌రుయ్‌కి యూనివర్సిటీ ఇంటర్వ్యూ, కంప్యూటర్లోనే. అది తప్పితే ఏడాది పోయినట్టే. కొండవార ఇల్లు. సెల్‌ఫోన్ సిగ్నల్ మాటలకే అంతంతమాత్రం.

ష్యూయిన్ కంపెనీకి ఆరుసార్లు ఫోన్ చేసింది. ఆరుసార్లూ వేరేవాళ్ళే ఎత్తారు. ప్రతివాళ్ళకీ పేరూ చిరునామా మొదట్నుంచీ చెప్పుకోవాలి. అందరూ ఒకటే మాట. "నెట్ డబ్బా ఆపండి, ముప్పై లెక్కపెట్టండి, మళ్ళీ వెయ్యండి."

వేస్తే అదే ఎర్ర లైటు.

"నువ్వు లెక్క తప్పుతున్నావేమోనే అమ్మా."

"ముప్పై దాకా నీకు నేర్పిందే నేను. నోర్మూసుకుని కూర్చో."

డబ్బా మీద ఆకుపచ్చ చిరుతిళ్ళ పొట్లం ఉంది, మొక్కజొన్నవి. ష్యూయిన్ భర్త పెట్టింది. ఆయన రేవులో క్రేన్లు బాగుచేస్తాడు. ఆ పొట్లం పక్కన లేకుండా అక్కడివాళ్ళెవరూ యంత్రం ముట్టుకోరు. అదుంటే యంత్రం బుద్ధిగా ఉంటుందట. ఆకుపచ్చదే కావాలి. తినకూడదు, కదపకూడదు. ఆస్పత్రిలో, బ్యాంకులో, ఎక్కడ చూసినా ఉండేదే.

నాలుగుకు పది నిమిషాలుందనగా ఫోన్ మోగింది.

"నెట్ గురించి చేస్తున్నానమ్మా." మెత్తని మగగొంతు. పేరు అడగలేదు. చిరునామా అడగలేదు. "ముందు ఆ పొట్లం అవతల పెట్టండమ్మా."

ష్యూయిన్ చెయ్యి పొట్లం దాకా వెళ్ళి ఆగిపోయింది.

"పొట్లం ఉందని మీకెలా తెలుసు?"

"అందరిళ్ళలోనూ ఉండేదేగా."

నిజమే. కానీ ఈ ఊళ్ళో యంత్రాల పని తెలిసినవాడెవడూ దాన్ని తియ్యమనడు. అది లేకపోతే వాళ్ళే కొని పెట్టిపోతారు.

"నీ పేరేంటి బాబూ?"

వాన చప్పుడు. బయటా... ఫోన్లోనా...

"అయ్యో అమ్మా, నీ అనుమానాలు తర్వాత!" పిన్‌రుయ్ పొట్లం లాగి బల్లమీద పడేసింది.

లైటు ఆకుపచ్చగా వెలిగింది.

పిల్ల ఒక్క గెంతులో గదిలోకి పోయి తలుపు వేసుకుంది. ఫోన్లో అవతల ఎవరూ లేరు.

ష్యూయిన్ తలుపు దగ్గరే నిలబడింది.

"నమస్కారం ప్రొఫెసర్‌గారూ... అవునండీ, ఒక్కదాన్నే... ఆఁ, గడియ పెట్టే ఉందండీ..."

ఇంటర్వ్యూలో ఇవేం ప్రశ్నలు?

మళ్ళీ ఫోన్. ఈసారి ఆడపిల్ల, హడావిడి గొంతు. పేరూ చిరునామా అడిగి, "సారీ ఆంటీ, మీ వీధి చివర కేబుల్ తెగింది. రేపటిదాకా అక్కడ ఎవరికీ నెట్ రాదు," అంది.

"మాకొచ్చిందే. ఇందాక మీవాళ్ళబ్బాయి ఫోన్ చేసి..."

"మావాళ్ళెవరూ మీకు చెయ్యలేదాంటీ. చేస్తే నాకిక్కడ కనిపిస్తుంది."

ష్యూయిన్ పొట్లం తీసి డబ్బా మీద పెట్టింది. ఆకుపచ్చ లైటు అలాగే ఉంది. కరెంటు తీగ పీకేసింది.

అలాగే ఉంది.

పొట్లం చేత్తో పట్టుకుని తలుపు దగ్గరికి పరిగెత్తింది. అప్పుడే తలుపు కింద వెలుగు ఆరిపోయింది.

"పిన్‌రుయ్! తలుపు తియ్యవే!"

లోపల చీకట్లోంచి కూతురి గొంతు. నెమ్మదిగా.

"ఒకటి... రెండు... మూడు..."

"నా మాట విను తల్లీ... నేనే... అమ్మని..."

పిడికిలి నొప్పెట్టేదాకా తలుపు బాదింది. లెక్క ఆగలేదు. తొందరా పడలేదు.

"ఇరవై తొమ్మిది... ముప్పై."

వెలుగు వచ్చింది. గడియ తీసిన చప్పుడు.

పిన్‌రుయ్ గుమ్మంలో నిలబడి ఉంది, నవ్వుతూ. తల్లి మొహం చూడలేదు. చేతిలోకి చూసింది. ఒక్కడుగు వెనక్కి వేసింది.

"ముందు ఆ పొట్లం అవతల పెట్టండమ్మా."