ఎర్ర కొమ్ముల ఎద్దు, బూడిద రంగు రోబో

నాకు అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. నేను అటు తిరిగిన క్షణంలో నా కూతురు ప్రజ్ఞ ఏదో ఒకటి నోట్లో పెట్టుకుంటుందని. ఇంత భయమున్నదాన్ని, ఇంటి నిండా రంగు సీసాలు పేర్చుకునే మనిషిని ఎందుకు చేసుకున్నానో నాకే తెలియదు.

తొమ్మిదో తరగతితో నా బడి మాన్పించాక చంద్రపూర్‌లో మా మేనమామ సదానందం రంగుల దుకాణంలో గల్లా దగ్గర కూర్చునేదాన్ని. ఒకరోజు వానలో తడుస్తూ మధుకర్ వచ్చాడు. చేతిలో, ముక్కలు అతికించి చేసే ప్లాస్టిక్ రోబో బొమ్మ కాలు.

"దీనికేం రంగు పడ్తది?"

"ఆయిల్ పెయింట్. కట్టె ఎద్దులకు మేం గదే వేస్తం."

రెండు రోజులకే మళ్లీ ఊడిపడ్డాడు.

"రంగుల కలపమని నువ్విచ్చిన థిన్నర్‌కు రోబో మోకాలు పలిగింది! దీనికి ముందుగాల ప్రైమర్ కొట్టాలె. దాని మీద నీళ్ల రంగు, అక్రిలిక్. సన్న కుంచె కావాలె, గీ సున్నం బ్రష్ కాదు!"

"అన్నీ తెల్సినోనివి నన్నెందుకు అడిగినవ్?"

"కాలు పలిగినంకనే తెల్సింది."

"పలిగింది నీ కాలా? గంత ఏడుస్తున్నవ్!"

అతను నవ్వాడు. నాకు ఇంకా మండింది.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం సన్న కుంచె కోసం వచ్చేవాడు. ఒక్కొక్కటి తీసి, మొన సరిగా నిలుస్తుందో లేదో పెదవులతో తడిపి చూసేవాడు.

"థూ! నోట్లె పెట్టకు! పిల్లగానివా?"

"నా నోటితోని నీకేం పని?"

కుంచె లాక్కుని డబ్బాలో పడేశాను. చెవులు వేడెక్కాయి. అది చూసి మామ అన్నాడు: "వీళ్లకు లగ్గం జేస్తే నా దుకాణంల లొల్లి తప్పుతది."

లొల్లి తప్పలేదు. ఇంటికి మారింది, అంతే.

ఇది ఇవాళ్టి సంగతి. ఎద్దులను పూజించే పోళా పండుగ ముందటి ముసురు. పోళా మరునాడు పిల్లలు కట్టె ఎద్దులను లాక్కుంటూ తిరుగుతారు కదా. ప్రజ్ఞకు ఇదే మొదటి ఎద్దు. నేనే కొమ్ములకు ఎర్ర ఆయిల్ పెయింట్ వేశాను. బయట పెడితే వాన, వాన లేకుంటే గనుల బొగ్గు దుమ్ము. అందుకే మంచం కింద ఆరబెట్టాను. మధుకర్ బల్ల దగ్గర రోబోకు రంగు వేస్తున్నాడు. వంటింట్లోంచి వచ్చేసరికి పిల్ల పెదవులు ఎర్రగా ఉన్నాయి.

"మధుకర్! నీ రంగు తిన్నది పిల్ల!"

"నాది బూడిద రంగు, సౌజన్యా. ఎర్రది ఎవలది?"

మంచం కింద ఎద్దుకు ఒక కొమ్ము సగం రంగు పోయి తెల్లగా ఉంది.

వానలోనే బండి మీద దవాఖానకు ఉరికాం. డాక్టరమ్మ చూసి, "కాళజీ కరూ నకా" అని మరాఠీలో ధైర్యం చెప్పింది. ఊరికే నాకిందట, మింగలేదట. అంతవరకు బిగబట్టిన కోపమంతా ఇంటికొచ్చాక బయటికొచ్చింది.

"నువ్వు కుంచె నోట్లె పెట్టుడు జూసే నేర్చుకున్నది!"

"ఎద్దును మంచం కింద పెట్టింది నేనా?"

"నీ రోబోలన్నీ బండకేసి కొడ్త!"

"కొట్టు. ముందుగాల నీ ఎద్దును ఇటియ్యి. ఆ రంగంతా గీకి, నా రంగులేస్త. పిల్లకు అందకుంట పైన ఆరబెడ్త."

గీకే దుమ్ము పోకుండా ముక్కుకు నా పాత చున్నీ కట్టుకున్నాడు. ఎద్దు, గరుకు కాగితం, నీళ్ల రంగులు, కుంచెలు సర్దుకున్నాడు. గుమ్మం దాకా పోయి ఆగాడు. వెనక్కి వచ్చి, నా మొహం చూడకుండా, వంటింట్లోంచి ఒక స్టీల్ గ్లాసు నిండా నీళ్లు పట్టుకుని మేడ మీది రేకుల షెడ్డులోకి వెళ్లాడు.

కుంచె తడపడానికి ఇన్నేళ్లలో గ్లాసు తీసుకెళ్లడం ఇదే మొదలు.

ఇంకా దిగి రాలేదు. నేను ఎక్కి చూడను, నా కోపం తగ్గలేదు. మీరు ఇటువైపు వస్తే ఒక్కసారి మేడెక్కి ఆయన్ను చూసి రండి. కుంచె గ్లాసులో ముంచుతున్నాడా, నోట్లో పెడుతున్నాడా? నేను అడిగానని మాత్రం చెప్పకండి.