ఎలుకల గదిలో పన్నెండు నిమిషాలు

ఎలుకల గదికి గాలి సరఫరా చూసే ఇంజనీరును ఉదయం పదిన్నరకు, నలుగురు ఎక్కిన లిఫ్టులో చంపేశారు. మెడ వెనక సన్నటి సూది గాటు. ఆరో అంతస్తు చేరేసరికి గోడకు ఆనుకుని కునుకు తీస్తున్నట్టే ఉన్నాడు. పర్సు జేబులోనే ఉంది. గాలి గది తాళంచెవి మాత్రం లేదు.

మధ్యాహ్నానికి ఏజెంట్ జిగురు చీఫ్ ఎదుట కూర్చున్నాడు. పట్టుకుంటే వదలడని డిపార్ట్‌మెంట్ పెట్టిన పేరది. అసలు పేరు కన్నతల్లికి తప్ప ఎవరికీ గుర్తులేదు.

చీఫ్ ఒక ఫోటో ముందుకు తోశాడు. తెల్లటి ఎలుక, ఎర్రటి కళ్ళు.

"దీనికి రోగనిరోధక శక్తి బొత్తిగా లేదు. అందుకే మనిషి రక్తకణాలు పెట్టినా దీని ఒళ్ళు తిరగబడదు. మనుషులకి ఇవ్వబోయే మందు ముందు దీనిమీద చూస్తారు. పదహారేళ్ళు పెంచిన జాతి. ప్రపంచం మొత్తంమీద ఇక్కడే ఉంది, నలభై జతలు."

మిగతాది చీఫ్ పొడిపొడిగా చెప్పాడు. ఒక విదేశీ ముఠా వీటి వెంట పడింది. డిపార్ట్‌మెంట్ దానికి 'పిల్లి' అని పేరు పెట్టింది. పెట్టినవాడికి ఊహాశక్తి తక్కువ. ఆరు జతలు ఎత్తుకెళ్ళి, మిగిలినవాటిని చంపేయాలన్నది ముఠా పథకం. ఆ తర్వాత ఆ మందు కావాలంటే ఎవరైనా వాళ్ళ కాళ్ళే పట్టుకోవాలి. లోపల మన మనిషి ఒకామె ఉంది, వెటర్నరీ డాక్టర్. "పొట్టు తడిసిందా?" అని అడిగితే, "ఆవిరికి ఆరింది" అంటుంది.

జిగురు పంజరాలు కడిగే పనివాడిగా చేరాడు. చొక్కా గుండీలో కెమెరా, పెన్నులో మైక్రోఫోన్. కానీ ఆ గదిలోకి వెళ్ళే ప్రతి వస్తువూ, మేత, నీళ్ళు, పంజరంలో పరిచే పొట్టుతో సహా, క్రిములు చావడానికి ఆటోక్లేవ్ యంత్రంలో ఆవిరికి ఉడకాల్సిందే. మొదటిరోజే గుండీ, పెన్ను రెండూ ఉడికిపోయాయి. మనుషులకైతే పన్నెండు నిమిషాల స్నానం, ఆపైన తెల్ల సూటు, మాస్కు, రెండు జతల గ్లవ్స్.

ఈ పద్ధతులన్నీ అతనికి నేర్పింది, అక్కడ అందరూ అక్క అని పిలిచే పనామె. ఆ గది తెరిచిన నాటినుంచి ఆమె అక్కడే పంజరాలు కడుగుతోంది. మనకు తుమ్ము కూడా తెప్పించని క్రిమి వాటి ఊపిరి తీస్తుందని చెప్పింది. ఇరవై రెండేళ్ళ తన కూతురూ వాటిలాగే రోగనిరోధక శక్తి లేని జబ్బుతో ఆస్పత్రిలో గాజు గదిలో ఉందని, ఇక్కడి మందు గట్టెక్కితే వచ్చే ఏడాది తలుపు తెరుస్తారని, కుంచెతో పంజరం మూల తోముతూనే చెప్పింది.

కళ్ళు తప్ప ఏమీ కనిపించని సూటులో కూడా వెటర్నరీ డాక్టర్ అందగత్తె అని తెలిసిపోయేది. కోడ్‌కు తడుముకోకుండా బదులిచ్చింది. రోజూ సాయంత్రం అతను అడిగేవాడు, అంతా ప్రశాంతమని ఆమె చెప్పేది. పట్టుకుంటే వదలనివాడు ఎనిమిది రోజులు తప్పు మనిషినే పట్టుకుని వేలాడాడు.

తొమ్మిదోరోజు భోజనాల వేళ అక్క యథాలాపంగా అంది.

"డాక్టరమ్మ ప్రయాణం డబ్బా సిద్ధం చెయ్యమంది తమ్ముడూ. పన్నెండు ఎలుకలకి. ఎక్కడికో చెప్పలేదు."

అతను కిటికీ అద్దంలోంచి లోపలికి చూశాడు. గాలి గది తలుపు తెరిచి ఉంది. చనిపోయిన ఇంజనీరు తాళంచెవి దానికే వేలాడుతోంది. ఫిల్టరుకూ పంజరాలకూ మధ్య, ప్రధాన గొట్టానికి డాక్టర్ ఒక విషవాయువు సీసా బిగించి, చిన్న తాళం వేసింది. సీసా మీద టైమరు. మూడు నిమిషాల నలభై సెకన్లు.

స్నానానికి పన్నెండు నిమిషాలు.

అతను స్నానం చేయలేదు. సబ్బునీళ్ళు కారుతున్న బట్టలతో, మాస్కు లేకుండా రెండు తలుపులూ తోసుకుని వెళ్ళాడు. డాక్టర్ సూది తీసింది. ఆమె చెయ్యి మెలితిప్పి, చెత్త సంచుల ప్లాస్టిక్ టైతో, ఎలుకల డబ్బా మూతపెట్టి ఉంచిన ట్రాలీకి కట్టేశాడు. సీసా ఊడలేదు. రెండు సెకన్లు ఉండగా గొట్టాన్నే విరగ్గొట్టాడు. సీసాలోని పొగ బయటికి పోయే ఫ్యాన్‌లోకి పోయింది.

గెలిచాడు. అయితే మూతలు బిగించిన పంజరాలకు గాలి ఆగిపోయింది. ఆ గొట్టం అతకగల మనిషి లిఫ్టులో చనిపోయాడు. అరగంటకు ఎలుకలు నోళ్ళు తెరిచాయి. మూతలు తీయక తప్పలేదు. జతకొకటి చొప్పున ముప్పై నాలుగు మూతలు, ఒట్టి చేతులతో, ఒక్కొక్కటే తీశాడు. ఒక పిల్ల అతని వేలు వాసన చూసింది.

"ఆ సీసా నేనెందుకు మోశానో," అంది డాక్టర్. "మిమ్మల్ని లోపలికి తోస్తే సరిపోయేది."

అప్పుడు అక్క వచ్చింది. స్నానం చేసి, సూటు వేసుకుని, రెండు జతల గ్లవ్స్‌తో వచ్చింది. తెరిచిన మూతలు చూసింది, అతని ముఖం చూసింది.

మూతలు తీసిన పదకొండోరోజుకు ఎలుకలు వీపు గూనిచేసుకుని మూలల్లో చేరాయి. పందొమ్మిదోరోజుకు ముప్పై నాలుగు పంజరాలూ ఖాళీ. డబ్బాలోని ఆరు జతలైనా మిగిలాయని ఆశపడ్డారు. కానీ సాక్ష్యాల విభాగం ఆఫీసరు డాక్టర్ దొరికిన రోజే బయట డబ్బా మూత తీసి లెక్కపెట్టాడట. నిబంధన ప్రకారం రెండుసార్లు.

జిగురు చివరిసారి వెళ్ళేసరికి అక్క ఖాళీ పంజరాలు కడుగుతోంది. కడగమని ఎవరూ చెప్పలేదు. తాను ఎవరో, ఎందుకలా చేయాల్సి వచ్చిందో చెప్పాడు. క్షమించమని అడగబోయి ఆగిపోయాడు.

"మీరు పెద్ద ఆఫీసరని నాకు తెలీదు సార్," అందామె, తల ఎత్తకుండా. "ఆదివారం మా అమ్మాయిని చూడ్డానికెళ్ళాలి. ఏం చెప్పమంటారు?"

అతను తడి నేలమీదుగా బయటికి నడిచాడు.

ఆఫీసులో చీఫ్ ఫైలు మూసేస్తున్నాడు. ఫారంలో ఒక గడి ఉంది: శత్రువుకు దక్కిన ఎలుకలు ఎన్ని? చీఫ్ సున్నా చుట్టి, సంతకం పెట్టి, అభినందనలు చెప్పాడు.

మనకు ఎన్ని మిగిలాయని అడిగే గడి ఆ ఫారంలో లేదు.