నూనె తాగిన బ్రేకులు

శనివారం మధ్యాహ్నం భోజనం అయ్యీ కాకముందే బొంగరం వెనక వరండాలోకి పరిగెత్తింది.

"చెయ్యి సరిగ్గా కడుక్కోవే!" అని వంటింట్లోంచి అమ్మ కేకేసింది.

"ఎందుకమ్మా, ఎలాగూ మళ్ళీ మురికవుతుందిగా!"

బొంగరం అసలు పేరు స్కూలు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడదు. మాట్లాడేటప్పుడు కూడా ఒక్కచోట నిలబడదు, గిర్రున తిరుగుతూనే చెబుతుంది. అందుకని పిన్ని ఆ పేరు పెట్టింది. పదేళ్ళొచ్చినా తిరగడం మానలేదు, పేరూ పోలేదు.

వరండాలో పాత దుప్పటి కింద పిన్ని సైకిల్ ఉంది. అది మామూలు సైకిల్ కాదు, కొండలెక్కే సైకిల్. లావుపాటి టైర్లు, ముందు చక్రం పైన స్ప్రింగు, చక్రాల మధ్యలో పళ్ళేల్లాంటి డిస్కు బ్రేకులు. అలాగని కొత్తదీ కాదు. ఫ్రేము ఎవరో అమ్మేసింది, చక్రాలు ఇంకెవరో పారేయబోయినవి. పిన్ని రెండేళ్ళపాటు ఒక్కో భాగం వెతికి తెచ్చి అతికించుకుంది. "ఇది బండి కాదే, బంధువుల పెళ్ళి. ఒక్కొక్కరు ఒక్కో ఊరు నుంచి వచ్చారు" అనేది నవ్వుతూ.

పిన్నిది గాలిమరల దగ్గర పని. ఇరవై అంతస్తుల మేడంత ఎత్తు ఎక్కి, బోల్టులు బిగించి, అరిగిన భాగాలు మార్చి దిగుతుంది. ఆ చోటు రాత్రంతా బస్సులో వెళ్ళేంత దూరం. వెళ్ళి ఆరు నెలలైంది.

వెళ్ళేటప్పుడు సైకిల్‌ని బొంగరానికి అప్పగించింది. "వారానికోసారి తుడువు. చైనుకి నాలుగు చుక్కలు నూనె వెయ్యి. అంతే."

బుధవారం బుధవారం ఫోన్ చేసేది. "బండెలా ఉందే?"

"సూపర్‌గా ఉంది పిన్నీ!"

ఫోన్ పెట్టేశాక బొంగరం మేడ మీదికి వెళ్ళేది. అక్కణ్ణుంచి కొండ కనపడుతుంది. కొండ మీద సుద్దముక్కతో గీసినట్టు సన్నటి బాట, మెలికలు తిరుగుతూ పైకి పోతుంది. కిందటిసారి పిన్నీ తనూ సగంపైగా ఎక్కాక వాన పట్టుకుంది. వెనక్కి రావాల్సి వచ్చింది.

"అవతలి వైపు ఏముంటుంది పిన్నీ?" అని అడిగింది ఆ రోజు, తడిసి ముద్దయి.

"చెబితే ఏం బాగుంటుంది? ఈసారి పైదాకా వెళ్దాం. నువ్వే చూద్దువుగాని."

ఆ 'ఈసారి' కోసం బొంగరం ఆరు నెలలు ఎదురు చూసింది. రేపు పొద్దున్నే పిన్ని వస్తోంది. ఒక్కరోజే సెలవు. సాయంత్రం నాలుగింటికి మళ్ళీ బస్సు.

దుప్పటి తీసి బొంగరం సైకిల్ తుడవడం మొదలుపెట్టింది. హ్యాండిల్ పట్టుకునే చోట రబ్బరు పిన్ని వేళ్ళ ఆకారంలో అరిగి ఉంది. అక్కడ తన వేళ్ళు పెట్టి చూసుకుంది. ఇంకా చాలా చిన్నవి. చైనుకి నాలుగు చుక్కలు నూనె వేసింది. ఫ్రేము మెరిసింది. చైను మెరిసింది. డిస్కులు మాత్రం వాన చెమ్మకి అక్కడక్కడా ఎర్రబడి వెలవెలబోతున్నాయి.

పిన్ని చూడగానే 'అబ్బ!' అనాలి.

నూనె డబ్బా ముక్కు డిస్కు మీదికి తిప్పి చుట్టూ పోసింది. వెనకదానికీ పోసింది. గుడ్డతో రుద్దింది. రెండూ అద్దాల్లా తళతళలాడాయి.

మురిసిపోతూ సైకిల్‌ని ముందుకు నెట్టి బ్రేకు నొక్కింది. చక్రం ఆగలేదు. కీచుమంటూ జారిపోయింది. ఇంకా గట్టిగా నొక్కింది. చక్రం తన పాటికి తాను తిరుగుతూనే ఉంది.

బొంగరం తిరగడం మానేసి నిలబడిపోయింది.

పొడి గుడ్డతో తుడిచింది. సబ్బునీళ్ళతో కడిగింది. మళ్ళీ నొక్కింది. అదే కీచు, అదే జారుడు. అమ్మకి చెబుదామని గుమ్మందాకా వెళ్ళింది. 'ముట్టుకోవద్దన్నవన్నీ ముట్టుకుంటావేం?' అని అమ్మ అంటుంది. పిన్నికి తెలుస్తుంది. కొండ ఉండదు.

"పొద్దుటికి ఆరిపోతుందిలే" అని తనకు తానే చెప్పుకొని దుప్పటి కప్పేసింది.

* * *

ఆదివారం ఆరు కొట్టకముందే పిన్ని దిగింది. ఎండకి నల్లబడింది, కాస్త చిక్కింది. బొంగరం ఉడుంపట్టు పట్టి వదల్లేదు.

"వదలవే, ఎముకలు విరుగుతాయి! అక్కా, దీనికి ఏం పెట్టి పెంచుతున్నావ్?"

పిన్ని బ్యాగు ఒక మూల పడేసి తిన్నగా వరండాలోకి వెళ్ళింది. దుప్పటి తీసింది. "అబ్బ! ఏమే, నా బండేనా ఇది!"

ఆ 'అబ్బ' కోసమే కదా ఇదంతా. కానీ బొంగరం డిస్కుల వైపు చూడలేకపోయింది.

"బ్రేకులు చూశావా?" అని పిన్ని అడిగింది.

"చూశా" అంది బొంగరం. చూడటమైతే నిజంగానే చూసింది.

పిన్ని బ్రేకు పిడి ఒకసారి నొక్కింది. పిడి గట్టిగానే ఉంది. "నువ్వు చూశాక ఇంకేం" అని లేచి సామాన్లు సర్దడం మొదలుపెట్టింది. చిరిగిన వానకోటుకి టేపు వేసింది. పాత స్కూలు బ్యాగులోని స్పాంజి కోసి కుట్టిన మోకాలి తొడుగులు బొంగరానికి కట్టింది. పాత జ్యూసు సీసాలు రెండు కడిగి నీళ్ళు నింపింది. హెల్మెట్లు మాత్రం రెండూ మంచివి.

"కొండకి మన సీసా పాతదో కొత్తదో తెలీదే. తలకాయ మాత్రం ఒక్కటే ఉంది, దానికి పాతది పనికిరాదు."

ఇద్దరూ బయల్దేరారు. పిన్ని పెద్ద సైకిల్ మీద, బొంగరం తన చిన్న సైకిల్ మీద. వీధి చివర మలుపులో పిన్ని బ్రేకు కీచుమంది.

"ఏంటిది, అరుస్తోంది? మంచుకి తడిసినట్టుంది."

బొంగరం తేలు కుట్టిన దొంగలా తొక్కుతూ పోయింది.

కొండ బాట ఎక్కేటప్పుడు బ్రేకులతో పనే లేదు. ఎక్కడమే కష్టం. పిన్ని ముందు వెళ్తూ గాలిమరల కబుర్లు చెబుతోంది. పైనుంచి చూస్తే గొర్రెలు బియ్యపు గింజల్లా కనపడతాయట. ఒక్కోసారి మేఘం వచ్చి మరని మింగేస్తుందట. వేరే రోజైతే బొంగరం వంద ప్రశ్నలు వేసేది. ఇవాళ తన చూపంతా ముందున్న ఆ తళతళలాడే డిస్కు మీదే ఉంది.

ఒక మలుపు ఎక్కితే, తిరిగొచ్చేటప్పుడు ఒక మలుపు దిగాలి. రెండెక్కితే రెండు. బాటకి ఒక పక్క రాళ్ళు, ఇంకో పక్క లోయ.

వాన పట్టుకున్న చోటు దాటారు. కింద ఊరు అగ్గిపెట్టెలు పేర్చినట్టుంది. ఇక ఒక్కటే మలుపు. దాని వెనక ఆకాశం తప్ప ఏమీ కనపడటం లేదు. అవతలి నుంచి చల్లటి గాలి వస్తోంది. ఏ నది మీంచి వస్తోందో, ఏ అడవి మీంచి వస్తోందో.

'చూసేశాక చెబుతా' అనుకుంది బొంగరం. 'ఒక్క మలుపేగా.'

పిన్ని సీసా ఎత్తి నీళ్ళు తాగి, మూత బిగిస్తూ అంది. "దిగేటప్పుడు నువ్వు నా వెనకే ఉండు. ముందు నేను వెళ్తా. ఎక్కడ ఆగాలో చూపిస్తా."

ఎక్కడ ఆగాలో.

"పిన్నీ, అది ఆగదు!"

పిన్ని తిరిగి చూసింది. బొంగరం సైకిల్ కింద పడేసి నిలబడి ఉంది. చెంపల మీద కన్నీళ్ళు చెమటతో కలిసి కారుతున్నాయి.

"నేను నూనె పోశా. డిస్కులకి. మెరవాలని. నిన్ననే తెలిసింది బ్రేకులు పడట్లేదని. చూశానన్నా కదా, అది అబద్ధం కాదు, కానీ అబద్ధమే."

పిన్ని తన సైకిల్‌ని దిగుడు వైపు తిప్పి, రెండు బ్రేకులూ నొక్కి పట్టి, కొంచెం వదిలింది. సైకిల్ తనని లాక్కుని నాలుగడుగులు జారింది. కాళ్ళు తన్నిపట్టి ఆపింది. ఆమె ముఖం ఒక్కసారిగా పాలిపోయింది.

"ఇంటి దగ్గరే చెప్పాల్సింది" అంది పిన్ని. గొంతులో కోపం ఉంది. బొంగరం తల వంచుకుంది.

పిన్ని ఒక రాయి మీద కూర్చుని పక్కన చోటు చూపించింది. "మా దగ్గర ఒక మాట ఉంది. పైన పని చేసేటప్పుడు పొరపాటు ఎవరు చేస్తే వాళ్ళే ముందు అరవాలి. 'నేను చేశా, ఆగండి' అని. నేనూ ఒకసారి అరిచా. బోల్టు తప్పు బిగించి."

"తిట్టారా?"

"అరిచినవాళ్ళని ఎవరూ తిట్టరే. దాచినవాళ్ళతో కలిసి మాత్రం ఎవరూ పైకెక్కరు." పిన్ని బొంగరం హెల్మెట్ మీద చేయి వేసింది. "నువ్వు ఆలస్యంగా అరిచావు. కానీ అరిచావు."

బొంగరం చివరి మలుపు వైపు చూసింది. "ఇక్కడిదాకా వచ్చాం కదా పిన్నీ..."

పిన్ని కూడా అటే చూసింది. తనకీ వెళ్ళాలనే ఉందని ముఖంలో తెలుస్తూనే ఉంది. "పది దాటింది. బండి నడిపించుకుంటూ దిగేసరికే మధ్యాహ్నం అవుతుంది. బ్రేకులు బాగుచేయకుండా నేను బస్సెక్కను."

"అవతల ఏముంటుందో చెప్పవా, పోనీ?"

"చెప్పను" అంది పిన్ని మెల్లగా. "అది నీ కళ్ళకే ఉంచుతా."

* * *

కింద బస్టాండు సందులో ఒక సైకిల్ షాపు ఉంది. దాన్ని నడిపే ఆవిడని పిల్లలంతా గాలి పెద్దమ్మ అంటారు. ఎన్నిసార్లు వెళ్ళినా టైర్లకి గాలి ఊరికే కొడుతుంది.

పెద్దమ్మ చక్రం విప్పి లోపలి బ్రేకు ప్యాడ్లు తీసింది. చిన్న బిస్కెట్ ముక్కల్లా ఉన్నాయి. వాసన చూసి ముఖం చిట్లించింది.

"కడుపునిండా తాగేశాయి. ఇవి ఇక పట్టవు, మార్చాల్సిందే. డిస్కుని స్పిరిట్‌తో తుడిస్తే చాలు. ఎవరు పోశారమ్మాయ్ ఇంత నూనె?"

"నేనే పెద్దమ్మా" అంది బొంగరం. ఈసారి మాట వెంటనే వచ్చింది.

పెద్దమ్మ మూడు రకాల ప్యాడ్లు బల్ల మీద పెట్టింది. బొంగరం బంగారు రంగు కవరున్నది చూపించింది. "ఇది మెరుస్తోంది!"

"మెరుస్తున్నది కవరు" అంది పిన్ని. పాత ప్యాడుని ఒక్కొక్కదాని మీద పెట్టి ఆకారం సరిచూసింది. బంగారు కవరుది అసలు సరిపోలేదు. అన్నిటికన్నా చవకది సరిపోయింది కానీ, గోటితో గీకితే పొడి రాలింది. మధ్యలోని సాదా రకం తీసుకుంది.

బండికి మొదట్నుంచీ ఉన్న పగిలిన పెడళ్ళకి బదులు మాత్రం పాత సామాన్ల డబ్బాలో చెయ్యి పెట్టి ఒక జత ఏరింది. "పెడల్ పాతదైతే కాలికి తెలుస్తుంది, అంతే. బ్రేకు పాడైతే ఊరంతటికీ తెలుస్తుంది."

పెద్దమ్మ పకపకా నవ్వింది.

కొత్త ప్యాడ్లు డిస్కుకి అలవాటు పడాలట. వేగంగా తొక్కి, మెల్లగా నొక్కి ఆపాలి. అలా ముప్పైసార్లు. పిన్ని సీటు కిందికి దించి బొంగరాన్ని ఎక్కించింది. మునివేళ్ళు మాత్రమే నేలకి అందాయి. పిన్ని వెనక పట్టుకుని పరిగెత్తింది. ఖాళీ వీధిలో అటూ ఇటూ ముప్పైసార్లు. మొదట్లో బ్రేకు నెమ్మదిగా పట్టింది. ఇరవయ్యోసారికి గట్టిగా పట్టింది. ముప్పయ్యోసారి సైకిల్ ఉన్నచోటే ఆగిపోయింది. ఇంకోసారి తొక్కుదామంది బొంగరం. ఇంకోసారి తొక్కారు.

నాలుగింటికి బస్సు కదిలింది. కిటికీలోంచి ఊగుతున్న పిన్ని చెయ్యి మలుపు తిరిగేదాకా కనపడింది. ఆ సాయంత్రం బొంగరం మేడ ఎక్కింది. సుద్దగీత బాట చివరికంటా చూసింది. చివరి మలుపు దగ్గర చూపు ఆగిపోయింది.

* * *

మూడో బుధవారం ఫోన్ మోగింది. అమ్మ అందుకునేలోపే బొంగరం తీసింది. అవతల గాలి హోరు.

"బండెలా..."

"పిన్నీ, ఆగు. ముందు నేను చెప్పాలి. ఎడమ పెడల్ కొంచెం ఊగుతోందని స్పానర్ పెట్టి బిగించా. ఎంత బిగించినా ఇంకా వదులైపోయింది. ఇప్పుడు ఊడొచ్చేలా ఉంది. నేనే చేశా."

గాలి హోరులోంచి పిన్ని నవ్వు వినపడింది.

"ఎడమ పెడల్‌కి మర చుట్లు ఎదురు వైపుకి ఉంటాయే. అన్నిట్నీ బిగించే వైపు తిప్పితే అది వదులవుతుంది. నేనూ మొదటిసారి అదే చేశా. స్పానర్ ఎక్కడుంది?"

"చేతిలోనే ఉంది."

"అయితే బండి దగ్గరికి నడు."

బొంగరం ఫోన్‌ని చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టి వరండాలోకి నడిచింది. దుప్పటి పక్కకి లాగి, సైకిల్ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, స్పానర్‌ని పెడల్‌కి తగిలించింది. తిప్పకుండా అలాగే పట్టుకుంది.

"చెప్పు పిన్నీ," అంది. "ఎటు తిప్పాలి?"