విల్ఫ్ మూల

తీ గ్విన్ పొలంలో ఆ మూల జోలికి ఎవరూ పోరు.

వేల్స్ ఉత్తర తీరంలో, సముద్రానికి కాస్త ఎగువన ఉన్న గొర్రెల పొలం అది. వేసవి రాగానే గొర్రెల్ని కొండమీదికి తోలేసి, కింది పొలాన్ని కారవాన్లకి, అంటే కారు వెనక కట్టుకొచ్చే చక్రాల ఇళ్ళకి, అద్దెకిస్తారు. మా ఓల్డమ్‌లో వేసవి సెలవులకి మిల్లులు మూసే వారాల్లో సగం ఊరు అక్కడే ఉంటుంది. ఒకడి గుడారం తాడు ఇంకొకడి కాలికి తగిలేంత ఇరుకు. అలాంటప్పుడు కూడా ముళ్ళకంచె పక్కనున్న ఆ చివరి మూల దగ్గర మాత్రం జాగా మిగిలిపోతుంది.

విల్ఫ్ మూల అంటారు దాన్ని.

విల్ఫ్ ప్రాబర్ట్ అనే ముసలాయన ఏటా అక్కడే కారవాన్ పెట్టేవాడు. ఈ కథ జరగడానికి ముందటేడు వసంతంలో గ్యాస్ బండ మారుస్తూ అక్కడే కూలిపోయాడు. మనిషి పోయాడు, కారవాన్ ఉండిపోయింది. పరదాలు ఎప్పుడూ వేసే ఉంటాయి. తలుపు ఎప్పుడూ మూసే ఉంటుంది. కానీ కొన్ని రాత్రులు... అందులోంచి ఈల వినబడుతుందట. సన్నగా మొదలై, పైకి, ఇంకా పైకి పోయి — ఎవరో పీక నొక్కినట్టు ఆగిపోతుందట.

నాకిది చెప్పింది నార్మన్ ఎంట్‌విజిల్. మా బస్సు డిపోలోనే డ్రైవరు. దెయ్యమంటే నవ్వే మనిషి. ఈ కథ చెబుతున్నప్పుడు మాత్రం నవ్వలేదు. మిగతా సగం వాళ్ళావిడ డోరీన్ చెప్పింది. ఆవిడ మొదటినుంచి చివరిదాకా నవ్వుతూనే చెప్పింది.

నార్మన్‌కి కారవాన్ పిచ్చి. ఏడాదంతా బస్సు తోలినవాడు సెలవు రాగానే ఇంకో బండిని కారు వెనక కట్టుకుని తోలేవాడు. కొండ రోడ్డు మీద వెనక బార్లు తీరిన కార్లన్నీ హారన్లు కొడుతుంటే, "మనకోసమే" అని చెయ్యి ఊపేవాడు. చిన్నాడు కీత్ కూడా ఊపేవాడు. పదమూడేళ్ళ హేజెల్ మాత్రం ఎవరైనా చూస్తారని సీటు కిందికి జారిపోయేది.

డోరీన్ ఊపేది కాదు.

"ఇంట్లో వండిందే ఇక్కడా వండాలి, ఇంట్లో కడిగినవే ఇక్కడా కడగాలి. కాకపోతే ఇక్కడ నడుం వంచి కడగాలి. దీన్ని సెలవంటారు మీవాళ్ళు," అనేది.

ఆ ఏడు వాళ్ళు ఆలస్యంగా చేరారు. మిగిలిన జాగా ఒక్కటే — విల్ఫ్ మూల పక్కది. కుళాయి దగ్గర నీళ్ళు పట్టుకుంటున్న పెద్దమనిషి ఒకాయన నార్మన్ని చూసి గొంతు తగ్గించాడు.

"అక్కడా పెట్టావు..."

"ఏం, నేల వాలుగా ఉందా?"

"నేల బాగానే ఉంది." ఆయన బకెట్ ఎత్తుకున్నాడు. "రాత్రి ఈల వినబడితే మాత్రం తిరిగి చూడకు."

నార్మన్ ఈ మాట వచ్చి చెబితే డోరీన్ ఆకాశం వైపు చూసింది. "ఈ వానలో ఏ దెయ్యం బయటికొస్తుంది? దానికైనా బుద్ధుంటుంది."

మొదటి సాయంత్రం బాగానే గడిచింది. సముద్రపు గోడ మీద వరసగా కూర్చుని, కాగితాల్లో వేడి చిప్స్ వెనిగర్ చల్లుకుని తిన్నారు. లాంతరు వెలుగులో పేకాడారు. రేకు కప్పు మీద వాన దరువేస్తుంటే లోపల నలుగురూ దుప్పట్లలో వెచ్చగా, కాళ్ళకి కాళ్ళు తగులుతూ. ఆ ఒక్క పూట కోసమే ఏడాదంతా ఎదురుచూస్తానని నార్మన్ అంటాడు.

కానీ ఆ వాన ఆగలేదు.

మర్నాడూ ఆగలేదు, ఆ మర్నాడూ ఆగలేదు. బట్టలు తడి, రొట్టె మెత్తన, అగ్గిపెట్టె వెలగదు. ఆడిన ఆటే ఆడి పిల్లలు పేకముక్కలు మొహాన కొట్టుకున్నారు. నాలుగో రోజు మధ్యాహ్నం గాలి లేచి, కారవాన్‌కి ముందు కట్టిన గుడారం మొత్తం ఊడొచ్చి, పొయ్యి మీద ఉడుకుతున్న మాంసం కూరలో పడింది.

డోరీన్ అరవలేదు. అందుకే నార్మన్‌కి ఇంకా భయం వేసింది.

రాత్రి పిల్లలు పడుకున్నాక, పగలు బల్లగా ఉండే చెక్కని మంచంగా పరుస్తూ నెమ్మదిగా అంది. "పొద్దున్నకి తెరిపివ్వకపోతే పిల్లల్ని తీసుకుని రైలెక్కుతాను. నువ్వూ నీ డబ్బా ఇక్కడే ఉండండి."

"వాన నేను పంపించానా?"

"వాన సంగతి కాదు నార్మన్. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా అడిగావా, డోరీన్, నీకెక్కడికి వెళ్ళాలనుంది అని?"

ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది. ఆ తిరగడం మామూలుగా తిరగడం కాదని, రైలంటే నిజంగా రైలేనని నార్మన్‌కి అర్థమైంది.

నడిరాత్రి మెలకువ వచ్చింది. బయటికి వెళ్ళాలి. కారవాన్లో ఉన్న బకెట్ పిల్లలకే — అది డోరీన్ పెట్టిన నియమం. ఆ రాత్రి ఆమె నియమం మీరే ధైర్యం అతనికి లేదు. రబ్బరు బూట్లు తొడుక్కుని, పైజామా మీద కోటు వేసుకుని తలుపు తీశాడు.

వాన ఆగింది. కానీ సముద్రం మీంచి పొగమంచు పాకి వచ్చేసింది. చెయ్యి చాపితే చెయ్యి కనబడటం లేదు. టార్చి వేస్తే తెల్లటి గోడ.

పొలం ఆ చివరనున్న టాయిలెట్లదాకా కంచె పట్టుకుని వెళ్ళాడు. పని కానిచ్చుకుని వెనక్కి బయల్దేరాడు. సగం దూరం వచ్చాక టార్చి ఒకసారి మినుకుమంది... ఆరిపోయింది.

అప్పుడు వినబడింది.

సన్నగా... ఎక్కడో ముందు. పైకి, ఇంకా పైకి — నరాలు లాగేంత పైకి.

ఆగిపోయింది.

నార్మన్ తిరిగి చూడలేదు. తిరగడానికి వెనకెక్కడో, ముందెక్కడో తెలిస్తేగా. పరుగెత్తాడు. తాడు తగిలి పడ్డాడు, లేచాడు, బురదలో ఒక బూటు వదిలేశాడు. ఆ పొగమంచులో ఎంతసేపు తిరిగాడో అతనికే తెలీదు. ఎదురుగా చల్లటి రేకు చేతికి తగిలింది. తడుముకుంటూ పోతే తలుపు పిడి. దేవుడు చల్లగా చూశాడనుకుని లోపలికి దూరి తలుపేసుకున్నాడు.

లోపల చీకటి. ఎడమ పక్క సింకు, కుడి పక్క అలమర, ఎదురుగా మంచం. కళ్ళు మూసుకుని తిరగగలడు అతను ఆ ఇరుకులో. చప్పుడు కాకుండా రెండో బూటూ, కోటూ విప్పేసి, దుప్పటి ఎత్తి మెల్లగా దూరాడు. తడి కాలు ఆవిడ కాలికి తగిలింది. ఆమె ఒళ్ళు ఝల్లుమంది. మాట మాత్రం రాలేదు.

మేలుకునే ఉందన్నమాట. ఇంకా కోపంగానే ఉందన్నమాట.

గుండె దడ తగ్గేదాకా పైకప్పు వైపు చూస్తూ పడుకున్నాడు. భయపడ్డ మనిషికి గర్వం ఉండదు. పగలైతే వెయ్యేళ్ళకీ నోటికి రాని మాట, ఆ చీకట్లో దానంతటదే వచ్చేసింది.

"తప్పు నాదే," అన్నాడు గుసగుసగా. "నిన్నెప్పుడూ అడగలేదు. నాకు ఇష్టం కాబట్టి అందరికీ ఇష్టమే అనుకున్నాను. నువ్వు వంగి గిన్నెలు కడుగుతుంటే నేను బయట కుర్చీ వేసుకుని సముద్రం చూశాను. క్షమించు."

పక్కన దుప్పటి కదిలింది.

తర్వాత చీకట్లోంచి సన్నటి గుసగుస. "ఇంకోసారి చెప్పు."

"క్షమించు."

"హుఁ..." పక్కమీద పెద్ద నిట్టూర్పు. "చచ్చాక గానీ నీ నోట ఈ మాట రాలేదు."

నార్మన్‌కి కాస్త చిరాకేసింది. "చచ్చేదాకా ఆగలేదుగా. ఇప్పుడే చెప్పాను కదా."

"ఆగావు." ఆ గొంతు ఏ తొందరా లేకుండా అంది. "పోయి ఏడాది దాటింది. నీకు తెలీదా పాపం?"

"...ఏంటి?"

"చర్చి నిండా జనం వచ్చారు. వానలో కూడా వచ్చారు. తర్వాత అందరికీ హామ్ శాండ్‌విచ్‌లు పెట్టాను. మీ చెల్లెలు సగం తినేసి, మిగతా సగం సంచీలో వేసుకుపోయింది."

మిగతాదంతా కల అనుకోవచ్చు. కానీ నార్మన్ చెల్లెలు అచ్చంగా అలాంటి మనిషే.

చెవులు రిక్కించాడు. పక్క బల్ల మీద పిల్లలు పడుకుని ఉండాలి. కీత్‌కి ముక్కుదిబ్బడ, గుర్రుగుర్రుమంటాడు. ఏ చప్పుడూ లేదు... పిల్లలు లేరు. ఏడాదైందిగా మరి. రైలెక్కి వెళ్ళిపోయారు. ఇందాక తాడు తగిలి పడ్డాడే — లేచానే అనుకున్నాడు గానీ, నిజంగా లేచాడా?

గుండె మీద చెయ్యి వేసుకుని చూసుకున్నాడు. వేళ్ళు తిమ్మిరెక్కి ఉన్నాయి. ఏమీ కొట్టుకుంటున్నట్టు లేదు.

దుప్పటి ఎగిరిపోయింది, తలుపు బార్లా తెరుచుకుంది, నార్మన్ ఉత్త కాళ్ళతో పొగమంచులో పడ్డాడు.

ఎదురుగా — తెల్లటి ఆకారం. జుట్టు విరబోసుకుని, చేతిలో ఊగుతున్న వెలుగుతో తనవైపే వస్తోంది.

"నార్మన్..."

అతను మోకాళ్ళ మీద కూలబడ్డాడు. "డోరీన్... నిజం చెప్పు. నేను పోయానా?"

"పోయావు. చాలాసేపైంది పోయి," అంది డోరీన్. నైటీ మీద తెల్లటి వానకోటు, చేతిలో లాంతరు. "టాయిలెట్లకని పోయినవాడివి ఎక్కడ చచ్చావు ఇంతసేపూ?"

నార్మన్ ఆవిడ కాళ్ళని వాటేసుకున్నాడు. వెచ్చగా ఉన్నాయి. వెనక తెరిచి ఉన్న తలుపు చూపించాడు. డోరీన్ లాంతరెత్తి చూసింది. చూసి, అతని భుజం గట్టిగా పట్టుకుంది.

"అది మనది కాదు," అంది మెల్లగా. "అది విల్ఫ్‌ది."

ఆ మాట పూర్తవుతుండగానే ఆ కారవాన్లో దీపం వెలిగింది. పరదా వెనక నీడ ఒకటి అటు నుంచి ఇటు నడిచింది. కాసేపటికి... సన్నగా, పైకి, ఇంకా పైకి —

ఆగిపోయింది.

గుమ్మంలోకి ఒక పొట్టి ముసలావిడ వచ్చి నిలబడింది. చేతిలో ఆవిరి చిమ్ముతున్న టీ కెటిల్.

"ఎలాగూ నిద్ర చెడగొట్టారు," అంది. "ఇద్దరూ ఇలా వచ్చి ఒక చుక్క టీ తాగండి. నీ బూటు ఇక్కడే ఉంది నాయనా, ఒకటే ఉంది."

విల్ఫ్ భార్య ఎల్సీ ఆవిడ. అప్పుడప్పుడూ చివరి బస్సుకి వచ్చి రెండు రోజులుండి వెళ్తుంది. పగలు పరదా తీస్తే అయ్యో పాపం అంటూ జనం వచ్చేస్తారని తియ్యదు. రాత్రి నిద్ర పట్టకపోతే టీ పెట్టుకుంటుంది. నీళ్ళు మరిగితే కెటిల్ ఈల వేస్తుంది, దింపగానే ఆగిపోతుంది. అంతే. రెండు కారవాన్లూ ఒకే ఏడు తయారైన ఒకే రకంవి. సింకు అటే, మంచం ఇటే. నార్మన్ వాళ్ళ గుడారం కూలిపోకపోతే తేడా తెలిసేదేమో.

హేజెల్‌ని లేపి తమ్ముణ్ణి చూసుకోమని చెప్పి వచ్చింది డోరీన్. ముగ్గురూ ఆ చిన్న బల్ల చుట్టూ సర్దుకున్నారు. ఎల్సీ కప్పుల్లో పంచదార వేస్తూ, "మీ ఆయన నీతో ఏదో చెప్పాలట," అంది. "ఒకసారి నేను విన్నాను. బాగానే చెప్పాడు."

నార్మన్ చెవులు ఎర్రబడ్డాయి. చీకట్లో చెప్పడం వేరు. దీపం వెలుగులో, ఎదురుగా మొహం చూస్తూ, మూడో మనిషి వింటుండగా చెప్పడం వేరు. కప్పులోకి చూస్తూ మొదలుపెట్టాడు. మధ్యలో తడబడ్డాడు. గిన్నెల సంగతి దగ్గర తలెత్తి డోరీన్ మొహంలోకి చూసి మిగతాది చెప్పాడు.

డోరీన్ కప్పులో చెంచా తిప్పి తిప్పి పక్కన పెట్టింది.

"స్కార్‌బరో," అంది చివరికి. "అటు తూర్పు తీరంలో. బోర్డింగ్ హౌస్. ఇంకెవరో వండి, ఇంకెవరో గిన్నెలు కడిగే చోటు."

"వచ్చే ఏడు," అన్నాడు నార్మన్.

మరుసటేడు నిజంగానే వెళ్ళారు. అక్కడ పొద్దున్న పదింటికల్లా బయటికి గెంటేసి సాయంత్రం దాకా తలుపు తియ్యకపోతే, వానలో బస్టాప్ కింద నిలబడి ఆ రేకు కప్పునే తలుచుకున్నామని డోరీన్ చెప్పింది. అది ఇంకో కథ.

ఈ కథలో మర్నాడు పొద్దున్న మళ్ళీ వాన కురిసింది. డోరీన్ రైలెక్కలేదు. నార్మన్ నడుం వంచి గిన్నెలు కడుగుతుంటే, ఆవిడ గొడుగేసుకుని పక్క కారవాన్‌కి వెళ్ళి, ఎల్సీతో కూర్చుని బేకన్ వేయించుకుని తింది. మనసులో ఒక సందేహం మిగిలిపోయింది. అడిగేసింది.

"నిజంగా విల్ఫే వచ్చాడనుకున్నారా?"

"మొదట అనుకున్నాను. గుండె ఆగినంత పనైంది," అంది ఎల్సీ. "క్షమించు అన్నాడు చూడు, అప్పుడు తెలిసిపోయింది కాదని."

"మరి పోయావని చెప్పి అంత భయపెట్టారెందుకు?"

"మంచుగడ్డల్లాంటి కాళ్ళు తెచ్చి నామీద పెడితే ఊరుకుంటానా?"

డోరీన్ నవ్వు ఆపుకోలేకపోయింది. కాసేపాగి అడిగింది. "ఎవరో పరాయివాడని తెలిశాక, ఇంకోసారి చెప్పు అన్నారట ఎందుకు?"

ఎల్సీ ఫోర్కుతో బేకన్ ముక్క తిరగేసింది.

"నలభై ఏళ్ళు ఇదే సింకు దగ్గర నిలబడి ఎదురుచూసిన మాట అమ్మాయ్," అంది. "ఎవరి నోటినుంచి వస్తే ఏం... రెండోసారి విందామనిపించింది."